ఆగమం, ఆదేశం, ఒక వంపు బాణం

తెలుగు పండితుడు సంధులు చెప్పేటప్పుడు తప్పక చెప్పే పోలిక ఒకటుంది. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది. 'మా', 'అమ్మ' అన్న రెండు మాటల నడుమ యకారం వచ్చి చేరి 'మాయమ్మ' అయినప్పుడు ఉన్న అక్షరాలలో దేనికీ హాని లేదు. వచ్చినవాడు పక్కన సర్దుకుని కూర్చున్నాడు, అంతే. 'వాడు', 'కొట్టె' కలిసి 'వాడుగొట్టె' అయినప్పుడు అలా కాదు. కకారం కనబడదు. దాని పీట మీద గకారం కూర్చుని ఉంటుంది.

పదవీ విరమణ దాకా ఏటేటా ఈ పోలిక చెప్పాను. కంప్యూటరు తెర మీద కూడా ఈ రెండు జాతులూ ఉన్నాయనీ, ఏది ఏదో గుర్తుపట్టలేకపోతే నష్టపోతామనీ తెలియడానికి మాత్రం నాకొక పెన్ డ్రైవు మూల్యమైంది. షార్ట్‌కట్ వైరసు అని మనమంతా పిలుచుకున్న ఆ పీడ చరిత్రను, నాకు తెలిసినంత మేరకు, ఈ టపాలో చెప్పదలచుకున్నాను.

ముందుగా నా నష్టం సంగతి. 2012లో నేను నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. పట్టపుపాళేల నుంచి వచ్చే పిల్లల నోట నిఘంటువుల్లో దొరకని మాటలు వినబడేవి. వలల పేర్లు, గాలుల పేర్లు, ఆటుపోట్ల పేర్లు, ఒకే చేపకు దాని వయసును బట్టి మారే పేర్లు. రెండేళ్ల పాటు ఆదివారాలు పాళేలు తిరిగి అవన్నీ రాసుకున్నాను. లేఖినిలో టైపు చేసి, అంశానికొక ఫోల్డరు చొప్పున పెన్ డ్రైవులో పెట్టుకున్నాను. ఒక వృద్ధుడు గాలులను గురించి చెప్పిన మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసి అవి కూడా అందులోనే దాచాను. అంతకు నెల ముందు మా ఇంటి కంప్యూటరు హార్డు డిస్కు పాడైంది. కనుక అప్పటికి ఉన్న ప్రతి అదొక్కటే.

దాన్ని చిన్న పుస్తకంగా వేద్దామని పట్నంలో ఒక డీటీపీ కేంద్రానికి తీసుకుపోయాను. (యూనికోడులో రాసినదాన్ని పేజ్‌మేకరు కోసం అను ఖతుల్లోకి మార్చుకోవడమనే తతంగం పాత బ్లాగ్మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు.) ఇంటికి వచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఒక్కటే తేడా. ప్రతి ఫోల్డరు బొమ్మకూ ఎడమవైపు అడుగున చిన్న వంపు బాణం. పరిమాణం చూస్తే ఒక్కొక్కటి ఒక కేబీ. నొక్కితే మామూలుగానే తెరుచుకున్నాయి. అందుకని పట్టించుకోలేదు.

మరునాడు బడిలోని కంప్యూటరుకు తగిలించాను. అందులోని వైరసు నిరోధకం ఏదో పట్టుకున్నట్టు, తొలగించినట్టు చెప్పింది. సంతోషించాను. ఆ తర్వాత ఏ ఫోల్డరును నొక్కినా ఫైలు దొరకలేదన్న సందేశమే. కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడొకడు చూసి, "వైరస్ తినేసింది సార్, ఫార్మాట్ చేయాల్సిందే" అన్నాడు. కానివ్వమన్నాను. ఆ తర్వాత అదే డ్రైవు నిండా అర్ధ సంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు వేసుకున్నాను. ఆ కుర్రవాడిని తప్పు పట్టను. కానివ్వమన్నది నేను.

ఆ వంపు బాణానికి చరిత్ర ఉంది. ఒక వస్తువు ఒకచోట ఉండగా దాని పేరు మరొకచోట పెట్టుకోవడమనే సౌకర్యం యునిక్స్ యంత్రాలలో ఎప్పటినుంచో ఉంది. ఆపిల్ వారు 1991లో వెలువరించిన సిస్టమ్ 7లో దానిని 'ఏలియస్' అన్నారు, అంటే మారుపేరు. మైక్రోసాఫ్టు వారు 1995 ఆగస్టు 24న విడుదల చేసిన విండోస్ 95లో షార్ట్‌కట్ అన్నారు. దీనిని కొందరు సత్వరమార్గం అంటున్నారు, కొందరు అడ్డదారి అంటున్నారు. అడ్డదారి అనడంలో నిందార్థం ఉంది కనుక ఆ మాట మామూలు షార్ట్‌కట్‌కు నప్పదు, వైరసుకు మాత్రం చక్కగా నప్పుతుంది.

షార్ట్‌కట్ అన్నది నిజానికి ఎల్‌ఎన్‌కె అనే తోకపేరు గల చిన్న ఫైలు. అసలు వస్తువు ఎక్కడుందో ఆ చిరునామా, దానిని తెరిచేటప్పుడు అదనంగా చెప్పవలసిన ఆజ్ఞలేమైనా ఉంటే అవి, తెర మీద ఏ బొమ్మతో కనబడాలో ఆ వివరం అందులో రాసి ఉంటాయి. వ్యాకరణ పరిభాషలో ఇది సర్వనామం. రాముడు అనడానికి బదులు 'అతడు' అన్నట్టు. నామవాచకాన్ని తీసివేస్తే సర్వనామం దిక్కులేనిదవుతుంది కదా, అసలు ఫైలును చెరిపివేసినా మరోచోటికి మార్చినా షార్ట్‌కట్ గతీ అంతే. ఇది విరిగిన షార్ట్‌కట్. దీనితో ప్రమాదమేమీ లేదు, నిశ్చింతగా తీసివేయవచ్చు. పాత విండోసులో ఇలాంటిదాన్ని నొక్కితే చిన్న టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ కదులుతూ పోయినదాన్ని వెతికేది. ఆ బొమ్మంటే నాకు ముచ్చటగా ఉండేది.

అయితే రూపకల్పనలో రెండు లొసుగులున్నాయి. ఫైళ్ల తోకపేర్లన్నీ చూపమని మనం విండోసును కోరినా ఎల్‌ఎన్‌కె అన్న తోకను మాత్రం అది చూపదు. రెండవది, షార్ట్‌కట్ తన బొమ్మను తానే ఎంచుకోగలదు. ఫోల్డరు కానిది ఫోల్డరు బొమ్మ తగిలించుకుని కూర్చోవచ్చు. వేషం గుట్టు విప్పేది ఆ వంపు బాణమొక్కటే. అది కూడా అందరి తెరల మీదా, అందరి షార్ట్‌కట్ల మీదా ఉండేది కనుక మన కళ్లు దానికి అలవాటుపడిపోయాయి.

ఈ లొసుగులను దొంగలు వెంటనే వాడుకోలేదు. అంతకంటె సులువైన దారులు ఉండడమే కారణం. 1986లో లాహోరు నగరంలో బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ అనే సోదరులు తయారుచేసిన బ్రెయిన్ వైరసు ఫ్లాపీలో మొదటి గదిలోనే కూర్చునేది. వాళ్లు అందులో తమ పేర్లు, చిరునామా, టెలిఫోను నంబరు కూడా రాసి పెట్టారు. అటువంటి మర్యాద తర్వాతి కాలంలో కనబడలేదు. 2000లో సింగపూరు సంస్థ ట్రెక్ వారి ఎనిమిది ఎంబీల థంబ్‌డ్రైవు అంగడికి వచ్చింది. ఫ్లాపీల కాలం వెళ్లిపోయింది. పెన్ డ్రైవు తగిలించగానే అందులోని ఆటోరన్ అనే చిన్న ఫైలును చదివి యంత్రం తనంతట తానే పని మొదలుపెట్టే ఏర్పాటు విండోసులో ఉండేది. సీడీల కోసం పెట్టిన ఆ సౌకర్యం పురుగులకు రాజమార్గమైంది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ కొద్దికాలానికే ఆ దారి కూడా పట్టింది. చివరకు 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లోనూ, 2011 ఫిబ్రవరిలో ఇచ్చిన నవీకరణ ద్వారా అంతకు ముందటి విండోసుల్లోనూ మైక్రోసాఫ్టు వారు పెన్ డ్రైవులకు ఆ దారి మూసివేశారు.

యంత్రం తనంతట తాను నడపదని తేలిన తర్వాత దొంగకు మిగిలిన ఉపాయం మనిషి చేతనే నొక్కించడం. మనిషి నొక్కాలంటే అది అతనికి కావలసిన వస్తువులా కనబడాలి. షార్ట్‌కట్ పురుగుల విజృంభణకు ఇదీ నేపథ్యం.

ఈ నడుమ మరొక పెద్ద సంఘటన జరిగింది. 2010 జూన్‌లో బెలారుస్ దేశంలోని వైరస్‌బ్లొకాడా అనే చిన్న సంస్థలో పనిచేసే సెర్గీ ఉలాసెన్, ఇరాన్‌లోని ఒక ఖాతాదారు కంప్యూటరు ఊరకే ఆగి మళ్లీ మొదలవుతుంటే కారణం వెతుకుతూ ఒక కొత్త పురుగును పట్టుకున్నాడు. తర్వాత దానికి స్టక్స్‌నెట్ అని పేరు వచ్చింది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియం శుద్ధిచేసే యంత్రాలను చెడగొట్టడానికి తయారైనది. అది పెన్ డ్రైవు మీద నాలుగు షార్ట్‌కట్ ఫైళ్లుగా ఉండేది. వాటిని నొక్కనక్కరలేదు. ఫోల్డరు తెరిచి చూస్తే చాలు. షార్ట్‌కట్ బొమ్మను తెర మీద గీయడానికి విండోసు చేసే ప్రయత్నంలోనే పురుగు ప్రాణం పోసుకునేది. దిష్టి అంటే మనం చూస్తే ఎదుటివారికి తగిలేదని కదా మన నమ్మకం. ఇక్కడ అది తిరగబడింది. ఈ లోపాన్ని 2010 ఆగస్టు 2న మైక్రోసాఫ్టు వారు మామూలు నెలవారీ గడువు కోసం ఆగకుండా సవరించారు. ఆ సవరణ సంపూర్ణం కాదని 2015లో తేలింది. మళ్లీ అతుకు వేశారు. 2017లో ఆ కోవకే చెందిన మరొక లోపం బయటపడింది. బొంతకు అతుకుల మీద అతుకులు.

సిమాంటెక్ సంస్థ లెక్క ప్రకారం 2010 సెప్టెంబరు చివరినాటికి స్టక్స్‌నెట్ సోకిన యంత్రాలు సుమారు లక్ష. వాటిలో 59 శాతం దాకా ఇరాన్‌లో, 18 శాతం ఇండోనేషియాలో ఉండగా, మూడవ స్థానం మన దేశానిది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా తీరం పేరు కూడా ఈ కథలోకి వచ్చింది. 2010 జూలై 7న ఇన్సాట్-4బి ఉపగ్రహపు రెండు సౌరఫలకాలలో ఒకదాని విద్యుత్తు అందక, ఉన్న 24 ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపివేయవలసి వచ్చింది. డీడీ డైరెక్ట్, సన్ డైరెక్ట్ ప్రసారాలు దాని మీదనే నడిచేవి. సెప్టెంబరు చివరలో జెఫ్రీ కార్ అనే అమెరికా రచయిత ఫోర్బ్స్ పత్రిక జాలస్థలిలో, ఈ ఉపగ్రహాన్ని స్టక్స్‌నెట్ చంపివేసిందా అని ప్రశ్న లేవనెత్తాడు. ఇస్రోలో పనిచేసి వెళ్లిన కొందరు ఇంజనీర్ల ఉద్యోగ వివరాల పత్రాలలో సీమెన్స్ వారి సాఫ్టువేరు ప్రస్తావన ఉండడం అతని ఆధారం. ఆ ఉపగ్రహంలో అలాంటి నియంత్రికే లేదని ఇస్రో వారు ఖండించారు.

మా వైపు ఇస్రో అంటే శ్రీహరికోటే. (ఇప్పుడది తిరుపతి జిల్లా. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోనిదే.) ఆ ఏడాది అక్కడినుంచి పంపిన రెండు జీఎస్ఎల్వీలు, ఏప్రిల్ 15నాటిదీ, డిసెంబరు 25నాటిదీ, విఫలమయ్యాయి. మూడింటినీ ముడివేసి, వైరసే పడగొట్టిందన్న మాట ఉపాధ్యాయుల గదిలో నేనే విన్నాను. ఇన్సాట్-4బి శ్రీహరికోట నుంచి పోయినదే కాదు, 2007 మార్చిలో దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్టు మీద పోయింది. రాకెట్ల వైఫల్యాలకు వేరే కారణాలను విచారణలో కనుగొన్నారు. ఏప్రిల్‌లో క్రయోజెనిక్ దశలోని ఇంధనపు పంపు, డిసెంబరులో ఊడివచ్చిన విద్యుత్ కనెక్టర్లు. కార్ ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది, దానికి ఆ తర్వాత ఎవరూ రుజువు చూపలేదు. నేనయితే దానిని పుకారుగానే లెక్కిస్తాను. కాని చిన్న బాణం గుర్తు ఒకటి ఆకాశాన్ని కూడా తాకగలదన్న భయం మనలో ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి ఆ పుకారు పనికివస్తుంది.

స్టక్స్‌నెట్ రాజుల యుద్ధం. మన ఊళ్లను పీడించినవి దాని వెనక వచ్చిన బందిపోట్లు. 2011 నుంచి విస్తరించిన డార్క్‌బాట్, గమారూ, ఆ తర్వాత విజువల్ బేసిక్ లిపిలో రాసిన జెంక్సస్ వంటివి. పెన్ డ్రైవు తగిలించగానే అందులోని అసలు ఫోల్డర్లకు 'దాగినది', 'వ్యవస్థకు చెందినది' అన్న గుర్తులు తగిలించేవి. అవి కనబడకుండా పోగానే అవే పేర్లతో, అవే బొమ్మలతో షార్ట్‌కట్లు పెట్టేవి. మనం నొక్కితే ఆ షార్ట్‌కట్ ముందు పురుగును నడిపి, వెంటనే దాగిన అసలు ఫోల్డరును కూడా తెరిచి చూపేది. మొదటి రోజు నాకు అనుమానం కలగకపోవడానికి అదే కారణం. గమారూ పద్ధతి మరీ విచిత్రం. సామగ్రినంతటినీ పేరే లేని ఒక ఫోల్డరులోకి నెట్టేది. ఖాళీగా కనబడే ఒక అక్షరమే దాని పేరు.

అచ్చమైన ఆదేశ సంధి. కకారం చావలేదు, దాగింది.

మన జిల్లాల్లో ఇది ఇంతగా ఎందుకు పాకిందంటే, మన రాతకోతలన్నీ ఆ రోజుల్లో పెన్ డ్రైవు మీదే ప్రయాణం చేసేవి. ఇంటర్నెట్ సెంటరులో హాల్‌టికెట్టు, జిరాక్సు దుకాణంలో దరఖాస్తు, డీటీపీలో పెళ్లిపత్రిక, బడి నుంచి మండల కార్యాలయానికి జీతాల పట్టిక. ఒక్క డ్రైవు రోజులో నాలుగు యంత్రాలను ముట్టుకునేది. ఎక్కువ యంత్రాల్లో ఉన్నది కొనని ఎక్స్‌పీ, నవీకరణలు అందనిది. 2014 ఏప్రిల్ 8న ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు వారి అండ కూడా ఆగిపోయింది. పైగా చికిత్స చెప్పే పుటలన్నీ ఆంగ్లంలో ఉండేవి. 'కంప్యూటర్ ఎరా' వంటి మాసపత్రిక, మన తోటి బ్లాగరులు కొందరు రాసిన చిట్కాలు తప్ప తెలుగులో దిక్కు లేదు. డీటీపీ కుర్రవాడికి తెలిసిన ఏకైక మందు ఫార్మాట్.

2014లో పదో తరగతి పిల్లవాడొకడు నా కళ్ల ముందే ఆ మందు అనవసరమని చూపించాడు. మరొక ఉపాధ్యాయుని పెన్ డ్రైవు నిండా బాణాలు. వాడు నల్లని కమాండు తెర తెరిచి, డ్రైవు అక్షరం చూసుకుని, యాట్రిబ్ అనే మాట, దాని పక్కన మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, చివర అన్ని ఫైళ్లకూ లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా గుర్తులు టైపు చేసి ఎంటరు నొక్కాడు. దాపరికపు గుర్తులు తీసివేయమన్నదే ఆ ఆజ్ఞకు అర్థం. ఫోల్డర్లన్నీ వరుసగా బయటికి వచ్చాయి. పేర్లు తెలుగులో ఉన్నచోట నల్లని తెర మీద డబ్బాలు కనబడ్డాయి గాని పని మాత్రం జరిగింది. "ఇవి ఎక్కడికీ పోవు సార్, దాక్కుంటాయంతే" అన్నాడు. నేనప్పుడు కుర్చీలో కూర్చోవలసి వచ్చింది.

గుర్తుపట్టే పద్ధతి ఏమంత కష్టం కాదు. వరుసగా అన్నీ ఒక కేబీ పరిమాణంలో ఉండి, 'రకం' అన్న గడిలో షార్ట్‌కట్ అని ఉంటే అనుమానించాలి. వాటిని నొక్కకూడదు. డ్రైవు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో వాడిన జాగా ఎంతో చూడాలి. కనబడేవి పది కేబీలై, వాడినది వందల ఎంబీలైతే మన సామగ్రి క్షేమం. ఆ తర్వాత ఒక బాణపు ఫైలు ప్రాపర్టీస్ తెరిచి 'టార్గెట్' గడిలో ఏముందో చదవాలి. మామూలు షార్ట్‌కట్‌లో ఫైలు చిరునామా ఉంటుంది. వేషధారిలో సీఎండీ అనో డబ్ల్యూస్క్రిప్టు అనో ఉండి, వెంట పొడుగాటి ఆజ్ఞ ఉంటుంది. అసలు ఫోల్డర్లను బయటికి తెచ్చి, మంచి యంత్రంలోకి కాపీ చేసుకున్న తర్వాతే బాణాలనూ, వాటి వెంట ఉన్న స్క్రిప్టునూ తుడిచివేయాలి. పాత యంత్రాన్ని శుభ్రం చేయకుండా డ్రైవును మాత్రం శుభ్రం చేస్తే మళ్లీ తగిలించిన మరుక్షణం కథ మొదటికి వస్తుంది. లినక్సు ఉన్న యంత్రంలో ఈ షార్ట్‌కట్లు నడవవు కనుక అందులో తెరిచి కాపీ చేసుకోవడం ఇంకా క్షేమం.

ఇంకొక సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. బడిలో ఆ సంవత్సరం వైరసు నిరోధకం చేసినది సగం వైద్యం. పురుగును తీసివేసింది, బాణాలను ఉంచింది, దాపరికపు గుర్తులను ముట్టుకోలేదు. దొంగ షార్ట్‌కట్లు కాస్తా విరిగిన షార్ట్‌కట్లయ్యాయి. అందువల్లనే అన్నీ పోయాయని నేను నమ్మాను. త్వరగా చేసే ఫార్మాటు కూడా విషయసూచికను చెరుపుతుందే గాని పుటలను చింపదట. కొత్తగా ఏమీ రాయకుండా పక్కన పెట్టి ఉంటే తిరిగి రాబట్టే సాధనాలుండేవి. మార్కుల పట్టికలతో పుటల మీద పుటలు నేనే రాసుకున్నాను.

ఆ బందిపోట్లలో కొందరి ఆట కట్టింది. 190కి పైగా దేశాల్లో పది లక్షలకు మించిన యంత్రాలకు సోకిన డార్క్‌బాట్ నియంత్రణ వలయాన్ని 2015 డిసెంబరులో, గమారూ వలయాన్ని 2017 నవంబరు 29న మైక్రోసాఫ్టు, వివిధ దేశాల పోలీసులు కలిసి ఛేదించారు. సామాన్యుల రాతలు పెన్ డ్రైవు నుంచి వాట్సాప్‌కూ డ్రైవ్‌కూ మారాయి. షార్ట్‌కట్ మాత్రం పదవి వదలలేదు. 2022లో మైక్రోసాఫ్టు వారు జాలం నుంచి వచ్చిన పత్రాలలో మాక్రోలను నిలిపివేయగానే దొంగలు మళ్లీ ఎల్‌ఎన్‌కె ఫైళ్ల వైపు తిరిగారు. ఈసారి ఈమెయిలు జతపత్రాల్లో, జిప్ మూటల్లో. 2025 మార్చిలో ట్రెండ్ మైక్రో సంస్థ పరిశోధకులు మరొక కిటుకును బయటపెట్టారు. టార్గెట్ గడిలో ఆజ్ఞకు ముందు వందలకొద్దీ ఖాళీలు నింపితే, ఆ గడి మొదటి 260 అక్షరాలనే చూపేది కనుక చదివేవాడికి ఏమీ కనబడదు. పదకొండు ప్రభుత్వ ప్రాపకపు ముఠాలు 2017 నుంచీ దీనిని వాడుతున్నాయట. గడి మొత్తం కనబడేలా ఆ తర్వాతి నవీకరణల్లో సవరించారు. టార్గెట్ చదవమని పైన నేను చెప్పిన సలహా నవీకరించిన విండోసులోనే పూర్తిగా చెల్లుతుంది.

ఆ పిల్లవాడు యాట్రిబ్ చూపించిన వారమే మళ్లీ పాళేనికి వెళ్లాను. గాలుల పేర్లు చెప్పిన పెద్దాయన అంతకు ముందటి ఏడు పోయాడట. కొడుకు వల బాగుచేసుకుంటూ అరుగు మీద ఉన్నాడు. వలల పేర్లు గుర్తున్నంత వరకు చెప్పాడు, రాసుకున్నాను. అలివి వల మొదలుకొని పందొమ్మిది వచ్చాయి. గాలుల మాటెత్తితే నవ్వాడు. "ఇంజను బోటెక్కినాక గాలి పేరుతో పనేముంది అయివోరా" అన్నాడు.

ఆ పందొమ్మిది పేర్లూ ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి, ఒకటి కాగితం. మీలో ఎవరి సొరుగులోనైనా ఆ కాలపు డ్రైవు, బాణాలతో నిండినది, ఫార్మాట్ చేయనిది మిగిలి ఉంటే ముందుగా వాడిన జాగా అంకె చూడండి. అంకె పెద్దదైతే నాకొక జాబు రాయండి.